లాక్‌డెప్‌తో ఆరేళ్లు: మెమరీ అడిగేచోట పొంచి ఉన్న డెడ్‌లాకులు

లినక్స్ కెర్నల్‌కు డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్) రాసే పనిలో ఆరేళ్లుగా లాక్‌డెప్ వాడుతున్నాను. లాకుల వాడకంలో తప్పులను పట్టే, కెర్నల్‌లోనే ఉన్న సాధనం ఇది. 2006లో లినక్స్ 2.6.18తో వచ్చింది. ఒక లాక్ (ఒక డేటాను ఒకేసారి ఒక్క త్రెడ్ మాత్రమే ముట్టుకునేలా చేసే తాళం; త్రెడ్ అంటే ఒక పని వరుస) పట్టుకుని ఇంకోటి తీసుకున్న ప్రతిసారీ ఆ వరుసను గుర్తుపెట్టుకుంటుంది. ఎప్పుడైనా వరుస తిరగబడితే, డెడ్‌లాక్ (లాక్ కోసం ఎదురుచూపు ఎప్పటికీ తీరక పని ఆగిపోవడం) ఇంకా జరగకపోయినా చెప్పేస్తుంది.

దీని విలువ నాకు తెలిసింది ఒక కాష్ (మళ్లీ వాడేందుకు దాచుకున్న డేటా) వల్ల. మా డ్రైవర్‌లో కాష్ జాబితాకు మ్యూటెక్స్ అనే రకం లాక్ ఒకటి ఉండేది. దాన్ని పట్టుకునే, జీఎఫ్‌పీ_కెర్నల్ (అవసరమైతే ఆగి ఎదురుచూస్తామని చెప్పే ఫ్లాగ్)తో కేమాలాక్ (మెమరీ అడిగే ఫంక్షన్) పిలిచేవాళ్లం. మెమరీ దండిగా ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. కరువైనప్పుడు మాత్రం అలొకేటర్ (మెమరీ ఇచ్చే కెర్నల్ భాగం) ఆ త్రెడ్‌లోనే రీక్లెయిమ్ (వాడిన మెమరీని వెనక్కి తీసుకోవడం) మొదలుపెట్టి ష్రింకర్లను, అంటే కాష్‌లను తగ్గించే ఫంక్షన్లను పిలుస్తుంది. మా ష్రింకర్ మొదటి లైన్‌లోనే అదే మ్యూటెక్స్ అడిగేది. ఇంకేముంది, తన చేతిలో ఉన్న తాళం కోసం త్రెడ్ తనే ఎదురుచూస్తూ ఆగిపోయేది. మా టెస్టుల్లో నెలల తరబడి ఒక్కసారీ రాలేదు. లోడ్ ఎక్కువున్న మెషీన్లలో, ఒక పని కదలకుండా ఆగిపోయిందని 120 సెకన్లకు వచ్చే హంగ్ టాస్క్ మెసేజ్ తప్ప వేరే ఆధారం లేదు. ఆ రోజుల టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఇక్కడే లాక్‌డెప్ తెలివి చూడాలి. నిజంగా లేని లాక్ ఒకటి, ఎఫ్ఎస్_రీక్లెయిమ్ పేరుతో, దాని లెక్కలో ఉంటుంది. జీఎఫ్‌పీ_కెర్నల్‌తో మెమరీ అడిగిన ప్రతిసారీ, రీక్లెయిమ్ అవసరం పడకపోయినా, దాన్ని పట్టుకున్నట్టే లెక్క. మేం డ్రైవర్ ఇనిట్‌లో (డ్రైవర్ మొదలయ్యేటప్పుడు నడిచే కోడ్‌లో) మూడు లైన్లు రాశాం: ఎఫ్ఎస్_రీక్లెయిమ్_ఎక్వైర్, మా మ్యూటెక్స్ మీద మైట్_లాక్, ఆపైన రిలీజ్. అంటే రీక్లెయిమ్‌లో మా మ్యూటెక్స్ తీసుకుంటామని లాక్‌డెప్‌కు ముందే చెప్పాం. ప్రూవ్ లాకింగ్ (లాక్‌డెప్ తనిఖీని ఆన్ చేసే కెర్నల్ ఆప్షన్) ఆన్ చేసి బూట్ చేశాం. కాష్‌లోకి మొదటి ఎంట్రీ వెళ్లగానే సర్క్యులర్ డిపెండెన్సీ (లాకుల వరుస చుట్టు తిరిగి మొదటికే రావడం) రిపోర్ట్, రెండు వైపుల స్టాక్ ట్రేస్‌లతో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలతో) సహా, కళ్లముందు పడింది.

ఆగి ఎదురుచూడకుండా మెమరీ అడిగే ఫ్లాగ్ జీఎఫ్‌పీ_అటామిక్‌కు మార్చేద్దామని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. అది అత్యవసర నిల్వలోంచి తీసుకుంటుంది, పైగా సులువుగా ఫెయిలవుతుంది. మ్యూటెక్స్ పట్టుకోకముందే మెమరీ తెచ్చుకునేలా కోడ్ మార్చాం.

లోపాలూ ఉన్నాయి. నడవని కోడ్ దారి గురించి ఇది ఏమీ చెప్పలేదు. వేగం బాగా తగ్గుతుంది కాబట్టి డీబగ్ బిల్డ్‌లకే పనికొస్తుంది. ఒకేచోట ఇనిషియలైజ్ అయిన లాకులన్నీ ఒకే క్లాస్ కిందకి వస్తాయి, అంటే ఒకే లాక్‌లా లెక్క, కాబట్టి అప్పుడప్పుడు లేని తప్పు చూపిస్తుంది. అప్పుడు ఆలోచించకుండా నెస్టెడ్ (ఒకే క్లాస్ లాకులను ఒకదానిలో ఒకటి తీసుకోవడం కావాలనే చేశామన్న గుర్తు) అని రాసేస్తే అసలు తప్పు కూడా దాక్కుంటుంది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది, మొదటి రిపోర్ట్ ఇచ్చాక ఇది ఆగిపోవడం. ఒకసారి వారం రోజుల టెస్టులు క్లీన్‌గా వచ్చాయని సంతోషపడ్డాం. తీరా చూస్తే బూట్‌లోనే ఇంకో డ్రైవర్ మీద రిపోర్ట్ వచ్చి లాక్‌డెప్ ఆగిపోయి ఉంది. ఇప్పుడు టెస్ట్ ముగిశాక ప్రాక్ (కెర్నల్ స్థితి చూపే ఫోల్డర్)లోని లాక్‌డెప్_స్టాట్స్ ఫైల్ తెరిచి, డీబగ్_లాక్స్ ఇంకా 1 ఉందో లేదో, అంటే లాక్‌డెప్ ఇంకా పనిచేస్తోందో లేదో చూశాకే ఫలితం రాసుకుంటున్నాను.