తుప్పు పట్టిన పికప్పా, ఆరేళ్ల బొలెరోనా?

తోట పనికి బండి వెతుకుతుంటే, అనంతపురంలో ఒక షెడ్డు వెనక, వేపచెట్టు కింద పాత టాటా మొబైల్ పికప్ కనిపించింది. ఆ మోడల్ 1988లో వచ్చింది. నలుచదరపు ముక్కు చూడగానే మనసు లాగేసింది. డోర్ల మీది తుప్పుదేముంది, గీకి రంగేయిస్తే సరి. కానీ బండి బరువంతా మోసే అడుగు చట్రాన్ని, అంటే ఛాసిస్‌ను, స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెళ్లలు రాలి, మొన లోపలికి దిగింది. వెల్డింగ్ చేయించినా దాని మీద చీనీకాయల లోడు వేసే ధైర్యం నాకు లేదు. పైగా 15 ఏళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఫీజు కూడా ఎక్కువే.

రెండోది బొలెరో పికప్. ధర మూడింతలు, అందం సున్నా, సీటు చిరిగింది. అయితేనేం, స్పేర్లు సులువుగా దొరుకుతాయి, తెల్లారేసరికి కాయ మార్కెట్లో ఉంటుంది. తోట పనికి బొలెరోనే.

టాటా ఆర్‌సీ మాత్రం ఒకసారి చూపించమన్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.