వెంకటసుబ్బలక్ష్మి పేరు ఎందుకు ఆగిపోయింది? ఎమ్‌డీఎన్ వెబ్ డాక్స్ మీద నా రివ్యూ

మాది ఖమ్మంలో చిన్న షాపు. ముందు భాగంలో సిస్టమ్ రిపేర్లు, విండోస్ వేయడం, ప్రింటర్ల గొడవ. వెనక గదిలో నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ కూర్చుని కోచింగ్ సెంటర్లకీ, ఫంక్షన్ హాళ్ళకీ, ఎరువుల డీలర్లకీ వెబ్‌సైట్లు చేసిపెడతాం. ఈ పనిలో ఎవరో నెట్‌లో పెట్టిన చిట్కా వెతుక్కోకుండా రోజు గడవదు. చిట్కాలకి కొదవ లేదు, వాటిలో నమ్మదగినవి ఏవన్నదే చిక్కు. నేను ఎక్కువగా వాడేది ఎమ్‌డీఎన్. ఐదుకి నాలుగు ఇస్తున్నాను.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ళు నడిపే సైటు ఇది. వెబ్ పేజీల కోడ్‌లో ఏది ఎలా పనిచేస్తుందో వివరిస్తుంది. నెట్‌స్కేప్ అనే పాత బ్రౌజర్ కాలం నాటి డాక్యుమెంట్లతో 2005లో మొదలైంది. 2017లో గూగుల్, మైక్రోసాఫ్ట్, శాంసంగ్ కూడా చేతులు కలిపాయి. మార్కెట్లో ఒకరితో ఒకరు పోటీపడే ఈ కంపెనీలు వెబ్ గురించిన వివరాలు మాత్రం ఒకేచోట రాయిస్తున్నాయి. మనకి పైసా ఖర్చు లేదు.

దీని గొప్ప ఎక్కడుందో ఒక ఫారం కథ చెప్తే తెలుస్తుంది. ఒక కోచింగ్ సెంటర్‌కి అడ్మిషన్ ఫారం చేశాం, పేరు తెలుగులో టైప్ చేసేట్టు. వారం తిరక్కుండా అక్కడి క్లర్కు ఫోన్ చేసింది. "మేడమ్, వెంకటసుబ్బలక్ష్మి అని కొడుతుంటే చివర 'మి' పడట్లేదు." చూస్తే పేరు గడికి మాక్స్‌లెంగ్త్, అంటే ఇంతకి మించి టైప్ చేయనివ్వని పరిమితి, 15 అని ఉంది. మా కుర్రాడు ఏదో వీడియోలో చూసి దించాడు. "ఏడక్షరాలే కదా అక్కా, రెట్టింపు పైనే ఉందిగా" అన్నాడు. వాడి లెక్క తప్పని ఎవరనగలరు? వెం, క, ట, సు, బ్బ, ల, క్ష్మి. బడిలో ఎవరిని అడిగినా ఏడే అంటారు.

ఎమ్‌డీఎన్‌లో మాక్స్‌లెంగ్త్ పేజీ తీయించాను. ఆ పరిమితిని యూటీఎఫ్-16 యూనిట్లలో, అంటే కంప్యూటర్ రాతని దాచుకునే ముక్కల్లో, కొలుస్తారని అక్కడ రాసే ఉంది. అంటే కొమ్ముకీ గుడికీ సున్నకీ విడివిడిగా లెక్క. ఒత్తుకైతే రెండు: కనపడని పొల్లు ఒకటి, దాని వెనక హల్లు ఒకటి. అలా ఆ పేరు 17 అవుతుంది. పదిహేనో దగ్గర గడి తలుపు మూసేసింది, 'మి' బయటే ఉండిపోయింది.

ఆ పేజీ నుంచి లింకులు పట్టుకుని పోతే మాట పొడవు చెప్పే స్ట్రింగ్ లెంగ్త్ పేజీ, అక్కణ్ణించి మాటని అక్షరాలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ పేజీ. 'తెలుగు' అన్న మాటని జావాస్క్రిప్ట్‌లో, అంటే బ్రౌజర్లో నడిచే కోడ్ భాషలో, లెంగ్త్ అడిగితే 6 అంటుంది, సెగ్మెంటర్‌తో విడదీస్తే మూడే ముక్కలు వస్తాయి. కంటికి కనిపించే అక్షరాల లెక్క కావాలంటే అది వాడాలి. వెంటనే వాడేద్దామని మావాడు ఉబలాటపడ్డాడు. పేజీ అడుగున బ్రౌజర్ల పట్టిక ఉంటుంది, చూడమన్నాను. క్రోమ్‌లో 2020లోనే వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం 2024లో, 125వ వెర్షన్‌తో. ఆ కోచింగ్ సెంటర్ ఆఫీసులో ఉన్నది ఏనాటి ఫైర్‌ఫాక్సో! చివరికి 15 తీసి 100 పెట్టాం, గొడవ వదిలింది. వీడియో చూసి దించితే నాలుగు నిమిషాల పనే. ఎందుకు ఆగిందో తెలిశాక మాత్రం మావాడు మిగతా ఫారాలన్నీ వాడంతట వాడే వెతికి సరిచేశాడు.

ఆ పట్టిక ఒక్కదాని కోసమైనా ఈ సైటు వాడొచ్చు. పేజీ పైన 'బేస్‌లైన్' అని ముద్ర కూడా వేస్తున్నారు. పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ ఒక సౌకర్యం వచ్చి 30 నెలలు దాటితేనే 'వైడ్లీ అవైలబుల్' అంటారు. మా కస్టమర్ల ఫోన్లు తెలుసు కాబట్టి ఆ ముద్ర లేనిదాన్ని నేను ముట్టుకోను.

ఇక మార్కు ఎందుకు కోశానంటే, మన లిపి దగ్గరికొచ్చేసరికి ఇది సగంలో వదిలేస్తుంది. ఫంక్షన్ హాలు సైటులో పెద్ద శీర్షికకి ఒత్తులు కింద తెగిపోయాయి. ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేటు అది. లైన్ హైట్ (ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తు) అక్షరాల సైజుకి 1 రెట్టే ఇచ్చి, పొంగినది కనపడకుండా కోసేయమని పెట్టారు. లైన్ హైట్ పేజీలో 'నార్మల్' అంటే సుమారు 1.2 అనీ, అది ఫాంటుని బట్టి మారుతుందనీ, పిక్సెల్ లాంటి యూనిట్ లేని ఉత్త అంకె ఇవ్వడమే మేలనీ, చదివే పేరాలకి కనీసం 1.5 ఉండాలనీ చక్కగా చెప్పారు. అడ్డంగా సాగే ఇంగ్లిష్‌కి అది చాలు. పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు పడే తెలుగు సంగతి ఎవరు చెప్పాలి? మేం 1.7 దగ్గర మొదలుపెడతాం. రామభద్ర ఫాంటు పెట్టినప్పుడు ఒకలా, మండలి పెట్టినప్పుడు ఇంకోలా కూర్చుంటుంది కాబట్టి ఫాంటు మార్చినప్పుడల్లా 'స్త్రీ', 'క్ష్మి' కొట్టి చూసుకోవాల్సిందే. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ పేజీలో అరబిక్‌కి జాగ్రత్త చెప్పారు, అది మంచిదే. ఆ జాగ్రత్త మనకెంతవరకు పనికొస్తుందో మనమే తేల్చుకోవాలి.

పైగా తెలుగులో లేదు. ఫ్రెంచి, జపనీస్, కొరియన్, చైనీస్, స్పానిష్ ఉన్నాయి. హిందీ కూడా లేదు. ఇంగ్లిష్ కూడా తేలికైనదేం కాదు. కోడ్ రాసే నియమాన్ని గుర్తులతో చూపే 'ఫార్మల్ సింటాక్స్' అనే భాగం పంచాంగంలా ఉంటుంది, చూడ్డం తెలిసినవాళ్ళకే. కొత్తగా చేరిన పిల్లల్ని నేను ముందు డబ్ల్యూ3స్కూల్స్‌కే పంపుతాను. అది నార్వేలో ఒక కంపెనీది, పేరు చూసి వెబ్ ప్రమాణాల సంస్థదనుకోవద్దు. అక్కడ కోడ్ మార్చి అప్పటికప్పుడు ఫలితం చూసుకోవచ్చు, భయం పోతుంది. ఆ తర్వాతే ఎమ్‌డీఎన్.

2023లో వీళ్ళు ఒక తెలివితక్కువ పని చేశారు. కోడ్ పక్కన ఏఐతో వివరణ ఇచ్చే బటన్ పెట్టారు. అది తప్పులు చెప్తోందని డెవలపర్లు మొత్తుకుంటే తీసేశారు. నమ్మకం మీద బతికే సైటుకి అలాంటి సరదాలు ఎందుకో! తీసేశారు కాబట్టి దానికి మార్కు కోయలేదు.

నాకు నచ్చిన ఇంకో సంగతి, 2020 చివర నుంచి ఇక్కడి రాతంతా గిట్‌హబ్‌లో, అంటే కోడ్ అందరూ కలిసి దిద్దుకునే సైటులో, ఉంది. తప్పు కనిపిస్తే మనమే దిద్ది పంపొచ్చు, వాళ్ళు చూసి కలుపుకుంటారు. లైసెన్సు కూడా ఉదారమైనదే. మూలం చెప్పి, అదే లైసెన్సు కింద పెడితే ఎవరైనా తెలుగులోకి తెచ్చుకోవచ్చు. ఆ లైన్ హైట్ పేజీకి తెలుగు ఉదాహరణ ఒకటి రాసి పంపమని మావాడికి చెప్పాను. "ఇంగ్లిష్ మీరు రాయండి అక్కా, కోడ్ నేను రాస్తా" అంటున్నాడు.

ప్రింటర్ రాకపోయినా, విండోస్ తెరుచుకోకపోయినా ఇక్కడ వెతక్కండి, ఏమీ దొరకదు. ఇది వెబ్ పేజీలు కట్టేవాళ్ళకే. వెతికేటప్పుడు గూగుల్‌లో మీ ప్రశ్న చివర ఎమ్‌డీఎన్ అని కలపండి. పేజీ తెరిచాక ముందు అడుగుకి వెళ్ళి పట్టిక చూసి, ఆ తర్వాత పైకి రండి.