ఆఫీసు రీట్‌తో నాలుగేళ్లు: తిరుపతి నుంచి నా అనుభవం

2021 చివర్లో మా తమ్ముడు రేణిగుంట రోడ్డు వైపు ప్లాటు చూపించాడు. "మట్టి కొనక్కా, మట్టి యాడికీ పోదు" అన్నాడు. నా చేతిలో ఉన్నది డెబ్బై వేలు, అడ్వాన్సుకే చాలదు. ఆ డబ్బుతో ఆఫీసు రీట్ యూనిట్లు 200 కొన్నాను. రీట్ అంటే చాలామంది డబ్బు కలిపి బిల్డింగుల్లో పెట్టి, వచ్చే అద్దెను పంచే ట్రస్టు; అందులో మన వాటాయే యూనిట్. 2019లో దేశంలో మొదటి రీట్‌గా ఎంబసీ వచ్చినప్పుడు రెండు లక్షలకు పైగా పెడితేనే ఐపీఓలో, అంటే మొదటిసారి యూనిట్లు జనానికి అమ్మినప్పుడు, చోటు. 2021లో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ, మార్కెట్లో ఒక్క యూనిట్ అయినా కొనుక్కోవచ్చని మార్చింది. నాకు దారి దొరికింది అప్పుడే.

మొదటి ఏడాది నిజంగా భయపడ్డాను. మా కోడలిది బెంగళూరు ఉద్యోగం. కరోనా తర్వాత మా మేడ మీద గదిలోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసేది. టీ ఇవ్వడానికి పైకి వెళ్లినప్పుడల్లా, ఈ పిల్ల కుర్చీ ఖాళీగా పడి ఉన్న బిల్డింగుల మీదేనా నేను డబ్బు పెట్టింది అనిపించేది. కానీ మూడు నెలలకోసారి బ్యాంకు మెసేజ్ మాత్రం ఆగలేదు. పెద్ద కంపెనీలు ఏళ్లకేళ్లు అగ్రిమెంట్ రాసుకుంటాయి, మనుషులు రాకపోయినా అద్దె కట్టాల్సిందే. పైగా పంచడానికి వీలున్న నగదులో 90 శాతం యూనిట్లు ఉన్నవాళ్లకు ఇవ్వాలని సెబీ నిబంధన. ఎం.ఆర్.పల్లిలో మాకు ఒక పోర్షన్ ఉంది. కాలేజీ పిల్లలు వేసవిలో ఖాళీ చేస్తే మళ్లీ ఎవరో దిగేదాకా అద్దె ఉండదు, సున్నం ఖర్చు వేరే. అందుకే ఈ మెసేజ్ విలువ నాకు బాగా తెలుసు.

ధర సంగతి వేరు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు ఆర్‌బీఐ రెపో రేటు (బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే మంచి వడ్డీ వస్తుంటే యూనిట్ ఎవరికి కావాలి? నా యూనిట్లు కొన్న ధర కంటే కిందకి దిగి చాలా నెలలు అక్కడే ఉన్నాయి. పెళ్లి ఖర్చుకో ఫీజుకో దాచిన డబ్బు ఇందులో పెట్టకండి.

నాకు బాగా తలనొప్పి తెచ్చింది పన్ను. వచ్చే డబ్బు ఒక్క ముద్ద కాదు: వడ్డీ, డివిడెండ్ (లాభంలో వాటా), అప్పు తిరిగి చెల్లింపు (బిల్డింగుల కంపెనీలకు ట్రస్టు ఇచ్చిన అప్పులో తిరిగొచ్చిన అసలు) అని ముక్కలుగా ఉంటుంది. వడ్డీలో 10 శాతం టీడీఎస్ కింద, అంటే ముందే పట్టుకునే పన్నుగా, పోతుంది. అప్పు చెల్లింపు కింద వచ్చినదాన్ని కొన్న ధరలోంచి తీసేయాలి, అమ్మిన రోజు లాభం ఆ మేరకు పెరుగుతుంది. రిటర్న్ వేసిపెట్టిన ఆయన మొత్తాన్నీ వడ్డీగా చూపించారు. ఎక్కువ పన్ను కట్టి, తర్వాత రివైజ్డ్ రిటర్న్ వేయించుకున్నాను. ట్రస్టు పంపే ఫారం 64బిలో ఏ ముక్క ఎంతో విడివిడిగా ఉంటుంది. అది చేతికి వచ్చేదాకా నేనిప్పుడు రిటర్న్ జోలికి వెళ్లను.