అద్దెకు కళ్లెం వేయాలా, ఇళ్లు పెంచాలా?

అద్దెలు మండిపోతున్నప్పుడు ప్రభుత్వాల ముందు తరచూ వచ్చే వాదన ఇదే: అద్దెలకు చట్టంతో పరిమితి పెట్టాలా, లేక ఎక్కువ ఇళ్లు కట్టనివ్వాలా?

పరిమితి వెంటనే పనిచేస్తుంది. ఇప్పటికే అద్దెకున్నవాళ్లకు టెన్షన్ తగ్గుతుంది. చిక్కంతా కొత్తగా ఇల్లు వెతుక్కునేవాళ్లకే. బెర్లిన్ 2020లో గరిష్ఠ అద్దెలు నిర్ణయిస్తే, ఆ పరిమితి కిందకొచ్చిన ఇళ్ల అద్దెలు దిగాయి, టు-లెట్ ప్రకటనలూ బాగా తగ్గాయి. 2021 ఏప్రిల్‌లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్నే కొట్టేసింది. శాన్ ఫ్రాన్సిస్కోలో 1994లో చిన్న అపార్ట్‌మెంట్లకూ నియంత్రణ వర్తింపజేస్తే, యజమానులు కొందరు వాటిని అమ్మకపు ఫ్లాట్లుగా మార్చేశారు. చట్టం ఒక తలుపు మూస్తే వాళ్లు కిటికీ వెతుక్కున్నారు.

రెండోది నిదానం. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం 2016లో నిబంధనలు సడలించి, ఒకే ఇల్లున్న స్థలంలో వరుస ఇళ్లు, అపార్ట్‌మెంట్లు కట్టుకోనిచ్చింది. నిర్మాణ అనుమతులు జోరుగా పెరిగాయి. కానీ పునాది తీసిన రోజే అద్దె తగ్గదు కదా!

నా ఓటు రెండోదానికే. కాకపోతే ఇళ్లు లేచేదాకా ఏటా ఇంతకు మించి అద్దె పెంచకూడదన్న మెత్తటి పరిమితి ఉండాలి. అదీ పాత ఇళ్లకే. కొత్తవాటికీ పెడితే కట్టేవాళ్లు మొదట్లోనే వెనకడుగు వేస్తారు.