నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్: బంకు కౌంటర్ దగ్గర పుట్టే భయం

రణస్థలం దగ్గర హైవే మీద మా చిన్నాన్న పెట్రోలు బంకులో రాత్రిపూట లెక్కలు నేనే చూస్తాను. బండి ఆగితే ‘ఏ ఊరండీ, ఎందాకా?’ అని అడగడం మాకు అలవాటు. ఈ సినిమాలో బంకు ముసలాయన కూడా అలాగే పలకరిస్తాడు. బండి నెంబరు ప్లేటు చూసి, మీ వైపు వానలేమైనా పడుతున్నాయా అంటాడు. అంతే. ఎదురుగా నిలబడ్డ హంతకుడు షిగర్‌కి ఆ మాట నచ్చదు. ముసలాయన ప్రాణం ఒక నాణెం మీదికి వచ్చిపడుతుంది. ఆ సంగతి పాపం ఆయనకి తెలియదు.

ఈ ఒక్క సీను కోసమైనా సినిమా చూడాలి. అరుపుల్లేవు, తుపాకీ బయటికి రాదు. షిగర్ జీడిపప్పు నములుతుంటాడు (పలాస జీడిపప్పు పొట్లాలు మా కౌంటర్ మీదా ఉంటాయి). తినేసి నలిపి పెట్టిన కవరు మెల్లగా విచ్చుకుంటుంది. ఆ చప్పుడుకే నాకు చెమటలు పట్టాయి. ఆ స్థలం మామగారిదని తెలిశాక షిగర్ ఆయన్ని చిన్నబుచ్చుతాడు. ఇల్లరికం అల్లుణ్ని ఎక్కడ పొడిస్తే నొప్పి పుడుతుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. నాణెం 1958 నాటిది, ఇక్కడికి రావడానికి 22 ఏళ్లు ప్రయాణం చేసింది అంటాడు. ఇక బొమ్మో బొరుసో ముసలాయనే చెప్పాలి. షిగర్‌గా చేసిన హావియెర్ బార్డెమ్‌కి ఆస్కార్ ఎందుకిచ్చారో ఆ కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది.

కథ చిన్నదే. 1980, టెక్సస్. వేటకెళ్లిన మాస్ అనే అతనికి డ్రగ్స్ ముఠాల శవాల దగ్గర ఇరవై లక్షల డాలర్ల పెట్టె దొరుకుతుంది. అతని వెనక షిగర్, ఇద్దరి వెనక ముసలి షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) బెల్. కోయెన్ సోదరులు 2007లో తీసిన ఈ సినిమాలో సంగీతం దాదాపు లేదు. హోటల్ గదిలో మాస్ చీకట్లో కూర్చుని తలుపు కింద వెలుతురు వైపు చూస్తుంటాడు. అడుగుల నీడ వచ్చి ఆగుతుంది, వెళ్లిపోతుంది, తర్వాత వరండా లైటు ఆరిపోతుంది. టెన్షన్ అంటే అది.

నాకున్న బాధ ఒక్కటే, అది షెరీఫ్ గురించి. ఈ సినిమాకి మూలమైన కార్మక్ మెకార్తీ 2005 నాటి నవలలో బెల్ తన యుద్ధం రోజుల సంగతి చెప్పుకుంటాడు. తోటి సైనికులను వదిలేసి వచ్చానని, అయినా తనకి పతకం ఇచ్చారని. ఆ సిగ్గే జీవితమంతా అతన్ని తొలిచేస్తుంది. సినిమాలో దాన్ని తీసేశారు. బెల్‌గా చేసిన టామీ లీ జోన్స్ ముఖంలో అలసట ఉంది కానీ, ఆ అలసట ఎక్కడిదో నవల చదివినవాళ్లకే తెలుస్తుంది. అది ఉంచాల్సింది. అదే, ముఖ్యమైన ఒక చావును తెర మీద చూపించకపోవడం మాత్రం నాకు నచ్చింది. నవలలోనూ అంతే. షెరీఫ్ వెళ్లేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

చివర్లో కొట్లాట, లెక్క తేలడం కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చదు. మిగతావాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సబ్‌టైటిళ్లతో చూడండి, ఆ టెక్సస్ యాస తొందరగా అందదు. నవల తర్వాత చదవండి. అందులో సంభాషణలకి కొటేషన్ గుర్తులుండవు. సినిమా చూసి ఉంటే ఏ మాట ఎవరిదో గొంతును బట్టి పోల్చుకోవచ్చు.