డాబా మీద 10×50: తెల్లగీతను బట్టి విమానాన్ని పోల్చుకోవడానికి పనికొస్తుందా?

ముందే చెప్పేస్తాను, పనికొస్తుంది. పది వేల లోపు దొరికే మామూలు 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెంచి చూపేది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు), ఫోన్‌లో ఏ విమానం ఎక్కడుందో చూపే ఫ్లైట్‌రాడార్24 యాప్. కొన్నేళ్లుగా ఈ రెండిటితోనే కరీంనగర్‌లో మా డాబా మీంచి బాగా ఎత్తున, వెనక తెల్లగీత వదులుతూ పోయే విమానాలను చూస్తున్నాను. పక్షుల కోసం, నక్షత్రాల కోసం బైనాక్యులర్ కొనేవాళ్లకు సలహాలు బోలెడు దొరుకుతాయి. విమానాల కోసం కొందామా అనుకునేవాళ్లకే ఈ నాలుగు మాటలు.

మొదట అందరికీ వచ్చే అనుమానం: అంత ఎత్తున పోయేది దీంట్లో ఏం కనిపిస్తుంది? లెక్క వేసి చూడండి. బోయింగ్ 777-300ఈఆర్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 65 మీటర్లు. సరిగ్గా నెత్తి మీద, 11 కిలోమీటర్ల ఎత్తున పోతుంటే అది పున్నమి చంద్రుడి వెడల్పులో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. ఎయిర్‌బస్ ఎ320 రెక్కలు 36 మీటర్లే కాబట్టి చంద్రుడిలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. దాన్ని పది రెట్లు పెంచితే కిలోమీటరు దూరంలో ఉన్న విమానాన్ని చూసినట్టే. ఇంజన్లు ఎన్ని, రెక్క కొస పైకి మడిచి ఉందా లేక సన్నగా వెనక్కి సాగిందా, కడుపు ఏ రంగు, అన్నీ తెలుస్తాయి. ఇండిగో విమానాల కడుపు ముదురు నీలం, ఎండ పడితే ఇట్టే పట్టేయొచ్చు.

కాకపోతే ఇదంతా నెత్తి మీద ఉన్నప్పుడే. పక్కకు వాలి, నేలకు ముప్పై డిగ్రీల ఎత్తులో ఉంటే దూరం 22 కిలోమీటర్లకు చేరుతుంది, సైజు సగమవుతుంది, మధ్యలో దుమ్మూ మసకా. అలాంటి వాటిని నేను వదిలేస్తాను.

మరి 20×50 తీసుకుంటే ఇంకా బాగుంటుంది కదా అంటారు. వద్దు. నెత్తి మీది విమానం సెకనుకు దాదాపు 1.3 డిగ్రీలు జరుగుతుంది. నా 10×50లో ఒకసారి కనిపించే ఆకాశం 6.5 డిగ్రీలు, అంటే చేయి కదపకపోతే ఐదు సెకన్లలో ఈ చివర నుంచి ఆ చివరకు దాటిపోతుంది. 20 రెట్లదాంట్లో ఆ ఐదు సెకన్లు రెండున్నరకు పడిపోతాయి, పైగా చేతుల వణుకు రెట్టింపవుతుంది. స్టాండు మీద పెట్టి నడినెత్తికి చూడాలంటే మెడ పట్టేస్తుంది. నాకు కుదిరింది మడత మంచం. వెల్లకిలా పడుకుని మోచేతులు పక్కలకు ఆనిస్తే బొమ్మ నిలబడుతుంది.

విమానాన్ని వెతకడానికి చప్పుడును నమ్ముకోకూడదు. అంత ఎత్తు నుంచి శబ్దం కిందికి రావడానికి అరనిమిషం పైనే పడుతుంది, ఈలోపు విమానం ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. తెల్లగీతను అందుకుని దాని మొదలు దాకా జరుపుకుంటూ పోవాలి. ఫోకస్ ముందే దూరంగా ఉన్న సెల్ టవర్ మీద సరిచేసి పెట్టుకుంటే ఆ కాసేపట్లో టెన్షన్ ఉండదు.

అసలు మజా గీతను చదవడంలోనే ఉంది. ఇంజన్ వదిలే వేడి గాలిలోని నీటి ఆవిరి పైన చలికి గడ్డకట్టి మంచు పలుకులవుతుంది, గీత అంటే అదే. దానికి రమారమి మైనస్ 40 డిగ్రీలు, అంతకంటే చలి కావాలి. యూరప్ మీద 33 వేల అడుగులకే ఆ చలి ఉంటుంది. మన వైపు పై గాలి కాస్త వెచ్చన, అందుకే తక్కువ ఎత్తున పోయేవాటికి గీత రావడం అరుదు. మా ఆకాశంలో నిండు గీత పడిందంటే 37, 39 వేల అడుగులో ఆ పైనో అని నా అంచనా, చాలాసార్లు యాప్ కూడా అదే చెబుతుంది. శంషాబాద్‌లో లేచి ఢిల్లీ వైపు పోయేవి మా దాకా వచ్చేసరికి తరచూ ఇంకా పైకి ఎక్కుతూనే ఉంటాయి. వాటికి గీత ఉండదు, ఎండకు మెరిసే రెక్కలే.

గీత విమానానికి అంటుకుని మొదలవదు, ఇంజన్ వెనక కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ దాటాక ఎన్ని గీతలు మొదలవుతున్నాయో లెక్కపెట్టాలి, కాస్త వెనక్కి పోతే అవి కలిసిపోతాయి. రెండు గీతలు వట్టి కంటికే విడివిడిగా కనిపిస్తే 777, 787, ఎ350, ఎ330 లాంటి పెద్దది. ఒకటే గీతలా ఉండి బైనాక్యులర్‌లో రెండుగా విడిపోతే ఎ320, 737 జాతి. నాలుగు మొదలై రెండుగా కలిస్తే ఎ380 గానీ జంబో 747 గానీ. మన వైమానిక దళం సి-17కీ నాలుగు ఇంజన్లే. దాని రెక్కలు వీపు మీద ఉంటాయి కాబట్టి ఆకారం చూస్తే తేలిపోతుంది.

దిక్కు కూడా సాయం చేస్తుంది. తూర్పు వైపు పోయేవి 35, 37, 39 వేల అడుగుల్లో, పడమర పోయేవి 36, 38, 40 వేలల్లో పోవాలన్నది నియమం. గల్ఫ్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్ వైపు పోయేవి మన రాష్ట్రాల మీంచి అడ్డంగా దాటుతాయి, ఢిల్లీ నుంచి చెన్నై పోయేవి నిలువుగా. దిక్కు, ఇంజన్లు, ఎత్తు మూడూ కలిపితే యాప్ తెరవకముందే సగం జవాబు చేతిలో ఉంటుంది.

మా పక్కింటి పెద్దమ్మకు ఇవేవీ పట్టవు. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. గీత కనిపిస్తే చాలు, "గిదేనా బిడ్డా దుబాయి పోయే ఇమానం?" అంటుంది. "కాదు పెద్దమ్మా, గిది దుబాయి నుంచి బ్యాంకాకు పోతుంది" అంటే, "మరి మావోణ్ని దింపుతే ఏం బోయె" అని నవ్వుతుంది.

యాప్ గురించి కొంచెం. విమానాలు 1090 మెగాహెర్ట్జ్ మీద తమ స్థానం, ఎత్తు తామే చెప్పుకుంటూ పోతాయి. ఇళ్ల మీద రిసీవర్లు పెట్టుకున్నవాళ్లు వాటిని పట్టి ఇంటర్నెట్‌కు పంపుతారు. ఉచితంగానే విమానం రకం, ఎత్తు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది తెలుస్తుంది, మనలాంటి వాళ్లకు అది చాలు. ఫోన్ కెమెరా ఆకాశానికి చూపిస్తే పేరు చెప్పే సదుపాయమూ ఉంది. నేను వాడను, అది వాడితే బైనాక్యులర్ కొనడం దండగ. నా పద్ధతి: ముందు చూసి పైకి అనేయాలి, "777, తూర్పుకు, 37 వేలు" అని. తరువాతే ఫోన్. గీత ఉండి యాప్‌లో ఏమీ లేకపోతే చాలావరకు మిలిటరీది, వాళ్లు స్థానం చెప్పుకోనక్కర్లేదు. ఈ గీతలు చూపించి "విమానాల్లోంచి మందు చల్లుతున్నారు" అంటూ వాట్సాప్‌లో తిరిగే కథలకు మాత్రం జవాబివ్వడం మానేశాను.

ఇక లోపాలు. బరువు కిలోకు కాస్త తక్కువ, మెడలో వేసుకుని గంట నిలబడలేం. రెండో వానాకాలానికే లోపలి అద్దం మీద సాలెగూడులా ఫంగస్ పాకింది. శుభ్రం చేయించడానికి కొత్తదాని ధరలో దాదాపు సగం అడిగారు. అప్పటి నుంచి గాలి చొరబడని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నా, మళ్లీ రాలేదు. కళ్లకు ఆనే రబ్బరు ఎండకు జిగటగా అయింది. కంపెనీ ఏదైనా ఈ ధరలో ఇంతే.

ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సూర్యుడి దగ్గరలో పోయే విమానం వెంట బైనాక్యులర్ తిప్పకండి, రెప్పపాటులో చూపు పోతుంది. నేను సింటెక్స్ ట్యాంకు నీడలో కూర్చుంటాను, సూర్యుడు ట్యాంకు చాటున ఉన్నంతసేపే చూస్తాను. పిల్లల చేతికి పగలు ఇవ్వను.

ఫొటోలు కావాలనుకునేవాళ్లు ఇది కొనకండి. నికాన్ పి900 లాంటి 83 రెట్ల జూమ్ కెమెరా వెతుక్కోండి, ఎమిరేట్స్ కడుపు కింది ఎర్ర అక్షరాలు కూడా చదవొచ్చు. చూడటమే చాలనుకుంటే 10×50 దండిగా సరిపోతుంది. కొనేవాళ్లు దసరా దాటాక కొనండి. అంతకుముందు కొంటే మబ్బుల కింద డబ్బాలోనే ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే ఆకాశం తేటగా ఉంటుంది, గీతలూ అప్పుడే ఎక్కువ.