మూడు కుండల మట్టి కంపోస్టర్: బాల్కనీలో వాడి చూశాక

వంటింటి తడి చెత్తని ఎరువుగా మార్చే ఈ కుండల సెట్ కొనొచ్చా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, కొనండి. కానీ దాంతోపాటు అంటగట్టే పొడి ప్యాకెట్లు మాత్రం నెలనెలా కొనక్కర్లేదు, ఎందుకో కింద రాశాను.

జూలైలో చాలామంది ప్లాస్టిక్ వాడకుండా నెల గడపాలని పట్టుబడతారు కదా, 2011లో పశ్చిమ ఆస్ట్రేలియాలో మొదలైన అలవాటు అది. నేను పెట్టుకున్న నియమం వేరు: మా ఇంటి తడి చెత్త గడప దాటకూడదు. ఇది ఎంచుకోవడానికి కారణం ఉంది. మన ఊళ్లలో ఇంటి చెత్తలో సగానికి దగ్గరగా ఉండేది కూరగాయల తొక్కలూ, మిగిలిన అన్నం, వాడిన పూలే. హైదరాబాద్‌లో అదంతా పొడి చెత్తతో కలిసిపోతే చివరికి చాలావరకు జవహర్‌నగర్ చెత్తగుట్టకే చేరుతుంది. అక్కడ గాలి ఆడక కుళ్లి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వదులుతుంది, దాంట్లోంచి కారే నల్లనీళ్లు భూమిలోకి దిగుతాయి. ఆ కంపు భరిస్తున్నది అక్కడ చుట్టుపక్కల ఉండే జనం. మన తొక్కలు మన బాల్కనీలోనే మట్టి అయ్యే వీలున్నప్పుడు వాళ్ల మీదకి తోయడం నాకు అస్సలు నచ్చలేదు.

ఇక వస్తువు సంగతి. ఒకదాని మీద ఒకటి కూర్చునే మూడు మట్టి కుండలు, పైన మూత. పై రెండింటికి అడుగున కొబ్బరి తాళ్ల వల, పక్కన గాలికి చిల్లులు. అన్నిటికంటే పై కుండలో రోజూ చెత్త వేసి, మీద ఎండుటాకులో కొబ్బరి పొట్టో ఒక గుప్పెడు చల్లాలి. అది నిండాక మధ్యలోకి మార్చి, మధ్యలో ఉన్న ఖాళీ కుండని పైకి తేవాలి. అది కూడా నిండేసరికి మధ్య కుండలోది సగం పండి ఉంటుంది, దాన్ని అడుగు కుండలో పోసేస్తే అక్కడ మిగతా పని పూర్తవుతుంది. మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఎరువు చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ప్లాస్టిక్ డబ్బాల కంటే ఇది మేలని నేననడానికి కారణం, మట్టి తేమని పీల్చుకుని బయటికి వదులుతుంది. మూతేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఆవిరి లోపలే నీరై మళ్లీ చెత్తలోకే దిగుతుంది.

సెట్ చూడగానే మా అత్తమ్మ, "మా ఇంటెనక పెంటదిబ్బకి మూతే లేదు బిడ్డా, దీనికి ఇన్ని పైసలా?" అంది. నిజమే, మూడు వేల లోపు అయినా మట్టి కుండలకి అది తక్కువేం కాదు. కానీ పెంటదిబ్బ మర్మం తెలిసిన మనిషి కాబట్టి వారం తిరక్కుండానే ఆమే దీని బాధ్యత తీసుకుంది. ప్యాకెట్‌లో వచ్చిన సూక్ష్మజీవుల పొడి అయిపోయాక ఆమె చెప్పినట్టే పులిసిన మజ్జిగ కొంచెం చిలకరించాం, ఇంకోసారి పేడ నీళ్లు. తేడా ఏమీ కనపడలేదు. అందుకే ఆ ప్యాకెట్లు వద్దంటున్నా. 5 కిలోల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) దిమ్మ ఒకటి తెచ్చుకుని, తడపకుండా గీరి పొడి చేసి పెట్టుకుంటే నెలల తరబడి వస్తుంది. తడిపితే దాని గుణమే పోతుంది, మనం దాన్ని వేసేదే చెత్తలో నీళ్లు పీల్చడానికి.

వానాకాలంలో మాత్రం జాగ్రత్త. మూత అంచు సమంగా లేదు, ఒక వైపు వేలు పట్టేంత సందు ఉంది, అక్కణ్ణుంచే ఈగలు దూరాయి. ఒక రోజు మూత తీస్తే లావుపాటి పురుగులు గుంపులుగా కదులుతూ కనిపించాయి, పక్క ఫ్లాట్ అక్క చూసి మొత్తం పారబోయమంది. పారబోయకండి. అవి చెత్తని మనకంటే వేగంగా తినిపెట్టే ఈగ పిల్లలు, మొక్కలకి ఏ హానీ చెయ్యవు. పురుగులు పెరిగాయంటే తడి ఎక్కువైందని అర్థం. లోపలి సరుకు పిడికిట్లో తీసుకుని పిండండి: వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉన్నట్టు, ధారగా కారితే ఎండుటాకులు దండిగా కలిపి కర్రతో కిందా మీదా తిప్పాలి. పుల్లటి వాసన కూడా అలాగే రెండు రోజుల్లో పోతుంది. మూత సందుకి పాత కాటన్ చీర ముక్క చుట్టాం, అప్పట్నుంచి ఈగల బెడద తగ్గింది.

ఇంకా కొన్ని లోపాలు. నిండిన కుండ మోయడం ఒక్కరి వల్ల కాదు, నడుము నొప్పి ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. అడుగు కుండ చెమ్మకి టైల్స్ మీద గోధుమరంగు మరక పడుతుంది, కింద పళ్లెం పెట్టండి. మాకు వచ్చినప్పుడు ఒక కుండకి పగులు ఉంది, ఫొటోలు పంపితే మార్చారు కానీ చాలా రోజులు తిప్పించుకున్నారు. చికెన్ ఎముకలు, పచ్చళ్ల అడుగు ఇందులో వెయ్యలేం, అవి మున్సిపాలిటీ తడి చెత్త డబ్బాలోకే, అంటే నా నియమం అక్కడి వరకే. మామిడి టెంకలూ కొబ్బరి చిప్పలూ వేస్తే ఏడాదైనా అలాగే కూర్చుంటాయి.

అయినా కొనండి అని ఎందుకంటున్నానంటే, మిగతా అలవాట్లు దీని వెనకే వచ్చాయి. తడి చెత్త బుట్టలోకి వెళ్లడం మానేసేసరికి బుట్ట కంపు కొట్టడం ఆగింది, నల్ల కవర్ల అవసరం తీరిపోయింది. పాల ప్యాకెట్లు కడిగి ఆరేస్తున్నాం, పొడి చెత్త శుభ్రంగా ఉంటే ఏరేవాళ్లకి దాని విలువ దక్కుతుంది. రోజూ మూత తీసి చూస్తుంటే ఏం పారేస్తున్నామో కంటికి ఆనుతుంది, వాడిపోయిన కొత్తిమీర కట్టలు అన్నేసి వేస్తున్నామని తెలిశాక చిన్న కట్టే కొంటున్నాం. ఎరువు జల్లెడ పట్టినప్పుడు చింతపండు పిప్పి, ములక్కాడ పీచు, కరివేపాకు రెబ్బలు అన్నీ మాయమై, యాపిల్ పళ్ల మీది స్టిక్కర్లు మాత్రం రంగు కూడా వెలవకుండా బయటపడ్డాయి. ఇప్పుడు పండు కడిగేముందే మా అబ్బాయి స్టిక్కర్ పీకేస్తాడు.

నలుగురున్న ఇంటికి మధ్యరకం సైజు సరిపోతుంది. ఇద్దరే అయితే ఇంత డబ్బు పెట్టకుండా కుమ్మరి దగ్గర రెండు పాత్రలు కొని చిల్లులు వేయించుకున్నా పని నడుస్తుంది. వీలైతే వానల్లో కాకుండా ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెట్టండి, అప్పుడు ఆకురాలే కాలం కాబట్టి వీధిలో ఊడ్చి తగలబెట్టే ఆకులే బస్తా నింపి తెచ్చుకోవచ్చు, కోకోపీట్ కూడా కొనే పని ఉండదు.